ఇంటి సోలార్ లెక్క వేరు, పడవ సోలార్ లెక్క వేరు

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నేరేడుగొమ్ము మండలంలో నాగార్జునసాగర్ ఒడ్డున మీ ఊరు. డాబా ఇల్లు, నెలకు సగటున 320 యూనిట్లు కాలుతున్నాయి, బిల్లు రెండు వేలు దాటుతోంది. 3 కిలోవాట్ల సోలార్ పెట్టించుకోమని ఒకాయన కొటేషన్ ఇచ్చి పోయాడు. మీ నాయిన ఫైబర్ పడవలో రాత్రిపూట వలకు పోతాడు. చేపలు బాగా పడే రోజుల్లో మూడు నాలుగు రోజులు ఇంటికి రాకుండా ఒడ్డున గుడిసెలోనే ఉంటాడు. ఇంటి మీద పెట్టే ప్లేట్లలో ఒకటి తీసి పడవకు వాడొచ్చా, ఇంట్లో ఉన్న పాత ఇన్వర్టర్, బ్యాటరీ పడవలోకి ఎక్కించొచ్చా, పెట్రోల్ ఇంజన్ బదులు కరెంటు మోటారు పనిచేస్తుందా అని అడిగావు.

నేను పద్నాలుగేళ్లుగా నల్లగొండ, దేవరకొండ, కొల్లాపూర్ వైపు ఇళ్లకు సోలార్ బిగిస్తున్నాను. సాగర్ దగ్గర, సోమశిల దగ్గర ఇరవై దాకా పడవలకు కూడా బిగించాను. నీ మూడు ప్రశ్నలకూ మూలమైన విషయం ఒకటుంది, అది ముందు చెప్తాను. ఇంటి వెనకాల కరెంటు లైను ఉంది. మబ్బు పట్టినా, ప్లేట్ల మీద దుమ్ము పేరుకున్నా, లెక్క కొంచెం తప్పినా లైను ఆదుకుంటుంది. పడవ వెనకాల ఏమీ లేదు. బ్యాటరీలో ఎంత ఉంటే అంతే, అర్ధరాత్రి నీళ్ల మధ్య అయిపోతే అయిపోయినట్టే. అందుకే ఇంటికి డబ్బు లెక్క చూడాలి, పడవకు భద్రత లెక్క చూడాలి. ఒకదాని సామాను ఇంకోదానికి వాడాలనుకున్నప్పుడే తిప్పలు మొదలవుతాయి.

ముందు ఇంటి సంగతి. నీకిచ్చిన కొటేషన్ మోసం అనను కానీ, నీ అవసరానికి ఒక కిలోవాట్ ఎక్కువ. మీ కరెంటు బిల్లు చేతిలో పట్టుకుని ఈ లెక్క చూడు. మన తెలంగాణ టారిఫ్‌లో నెలకు 200 యూనిట్లు దాటిన ఇంటికి మొదటి 200 యూనిట్లకు యూనిట్ 5 రూపాయల 10 పైసలు, 201 నుంచి 300 దాకా 7 రూపాయల 70 పైసలు, ఆపైన 400 దాకా 9 రూపాయలు. నీ 320 యూనిట్లకు 1,020, 770, 180 కలిపి 1,970 రూపాయలు. ఫిక్స్‌డ్ చార్జీ, డ్యూటీ దానికి అదనం.

ఇప్పుడు 2 కిలోవాట్లే పెట్టించావనుకో. మన దగ్గర కిలోవాట్‌కు ఏడాది సగటున రోజుకు 4 యూనిట్లు వస్తాయి. అంటే రోజుకు 8, నెలకు 240. నెట్ మీటరు అంటే లైను నుంచి నువ్వు వాడినదాంట్లోంచి నీ సోలార్ ఇచ్చినది తీసేసి లెక్కకట్టేది. దానిలో 320 లోంచి 240 తీసేస్తే 80 మిగులుతాయి. ఆ 80 యూనిట్లు కింది శ్లాబులోకి దిగిపోతాయి. మొదటి 50కి యూనిట్ 1 రూపాయి 95 పైసలు, తర్వాతి 30కి 3 రూపాయల 10 పైసలు. మొత్తం 190 రూపాయలు. 1,970 ఎక్కడ, 190 ఎక్కడ! సోలార్ ముందుగా కోసేది పైనున్న ఖరీదైన యూనిట్లనే, అందుకే మొదటి రెండు కిలోవాట్లకు అంత విలువ. మూడో కిలోవాట్ పెట్టిస్తే అది మిగిల్చేది ఆ చివరి 190 రూపాయలే.

ఇంటి మీది సోలార్‌కు కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ సబ్సిడీ కూడా ఇదే దారిలో ఉంది. మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు 30 వేల చొప్పున ఇస్తారు, మూడోదానికి 18 వేలు. 3 కిలోవాట్లకు మొత్తం 78 వేలు, ఆపైన ఎంత పెద్దది పెట్టినా అంతే. మూడో కిలోవాట్‌కు సబ్సిడీ పోను నీ చేతి నుంచి ఇంకో 40 వేల దాకా పడుతుంది. నెలకు 190 రూపాయల కోసం 40 వేలు పెడితే అది తిరిగి రావడానికి పదిహేడేళ్లు కావాలి. మొదటి రెండింటి మీద పెట్టిన డబ్బు నాలుగేళ్లలోపే వచ్చేస్తుంది. వచ్చే ఎండాకాలానికి ఏసీ కొంటావా, లేదంటే ఎలక్ట్రిక్ స్కూటర్ తీసుకుంటావా, అప్పుడు మాట వేరు. 3 కిలోవాట్ల ఇన్వర్టర్ పెట్టించి, ప్లేట్లు మాత్రం ఇప్పటికి రెండు కిలోవాట్లవే ఎక్కించు. మిగతా చోటు డాబా మీద ఖాళీగా ఉంచుకో.

ఇది చదివే మిగతావాళ్లు కూడా వినండి. తెల్లకార్డు ఉండి గృహజ్యోతి కింద 200 యూనిట్లలోపు జీరో బిల్లు వస్తున్న ఇంటికి సోలార్ వల్ల బిల్లులో మిగిలేది ఏమీ లేదు. ఎవరైనా వచ్చి బాగా మిగులుతుందంటే, ఎక్కడ మిగులుతుందో మీ బిల్లు వెనకాల రాసి చూపించమనండి. వ్యవసాయ బోరు మోటారుకు కూడా అంతే, 2018 జనవరి 1 నుంచి 24 గంటల ఉచిత కరెంటు ఉంది కాబట్టి లైను అందే చేనుకు సోలార్ పంపు కోసం అప్పు చేయొద్దు. లైను అందని చేలకు అది నిజంగా వరం.

ఇంటి సోలార్‌లో మన జనం ఎక్కువగా పొరబడేది ఒక్క దగ్గర. "సోలార్ పెట్టించినం గదా, ఇగ కరెంటు పోయినా మనకేం టెన్షన్ లేదు" అనుకుంటారు. సబ్సిడీకి అందరూ పెట్టించుకునే ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్, అంటే బ్యాటరీ లేకుండా నేరుగా లైనుకు కలిపేది, లైనులో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. పట్టపగలు, ఎండ మండిపోతున్నా సరే, ఆగిపోతుంది. అది లోపం కాదు. మీ డాబా మీది కరెంటు లైనులోకి ఎదురెక్కితే, స్తంభం ఎక్కి పనిచేస్తున్న లైన్‌మన్ ప్రాణం పోతుంది. అందుకే అలా తయారుచేస్తారు. నీ దగ్గర పాత ఇన్వర్టర్, 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) ట్యూబులర్ బ్యాటరీ ఉన్నాయన్నావు. వాటిని అమ్మకు, పారేయకు. అవి ఇంట్లోనే ఉంటే కరెంటు పోయినప్పుడు నాలుగు లైట్లు, రెండు ఫ్యాన్లు నడుపుతాయి. లైనుతోనూ బ్యాటరీతోనూ నడిచే ఖరీదైన హైబ్రిడ్ ఇన్వర్టర్ కొనే పని తప్పుతుంది.

బిగింపు దగ్గర మూడు నాలుగు విషయాలు నువ్వే నిలబడి చూసుకో. పిట్టగోడ నీడ, నీళ్ల ట్యాంకు నీడ పొద్దున 9 నుంచి సాయంత్రం 4 దాకా ప్లేట్ల మీద పడకూడదు. అరచేయంత నీడ పడినా ఆ ప్లేటులో మూడో వంతు పడుకుంటుంది. ప్లేట్లు దక్షిణానికి తిప్పి, 15 డిగ్రీల వాలు పెడితే మనకు సరిపోతుంది. కింద అడుగు ఎత్తు అయినా గాలి ఆడాలి. ఇది చాలామంది పట్టించుకోరు. ప్లేటు వెనకాల రాసిన వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. మన మే నెలలో నీడలోనే 44 డిగ్రీలు ఉన్నప్పుడు ప్లేటు 65, 70 డిగ్రీలకు కాలుతుంది. ఒక్కో డిగ్రీకి దాదాపు 0.35 శాతం చొప్పున కరెంటు పడిపోతుంది, అంటే 15 శాతం దాకా పోయినట్టే. ఎండ ముదిరితే కరెంటు పెరుగుతుందని అనుకుంటాం కానీ, నా మీటరు రీడింగుల్లో ఎప్పుడూ ఫిబ్రవరి, మార్చి నెలలే బాగుంటాయి.

కోతులు మీ దగ్గర ఎలా ఉన్నాయో నాకు తెలుసు. వైర్లు బయటికి వేలాడితే అవి ఊగుతాయి, పీకుతాయి. డాబా మీది ప్రతి వైరూ పైపులోంచే పోవాలి, ప్లేట్ల కింద వేలాడే వైర్లను కూడా ఫ్రేముకు క్లిప్పులతో బిగించాలి. ఏప్రిల్, మే నెలల ఈదురుగాలికి స్టాండు లేచిపోకుండా కాళ్లకు కాంక్రీటు దిమ్మెలు ఉండాలి, లేకపోతే స్లాబుకు కెమికల్ యాంకర్లు వేయాలి. ఎర్తింగ్ గుంతలు తీసేటప్పుడు దగ్గరుండు.

కడిగే నీళ్ల గురించి కొంచెం వివరంగా చెప్తాను, మన జిల్లాకు ఇది పెద్ద సమస్య. బోరు నీళ్లతో కడిగితే ఆరిన తర్వాత అద్దం మీద తెల్లటి మచ్చలు పడతాయి. అవి ఏడాదిలో గట్టిపడి, గీకినా పోవు. మర్రిగూడలో ఒకాయన ఇంటి మీద రెండేళ్లయిన ప్లేట్లు చూశాను, అద్దం మీద సున్నం వేసినట్టుంది. పాపం ఆయన వారం వారం శ్రద్ధగా కడిగాడు. ఆర్వో ప్లాంటు నుంచి బయటికి పోయే నీళ్లు ఊరికే వస్తున్నాయి కదా అని వాటితో కడిగాడు, అవి బోరు నీళ్ల కన్నా గట్టివి. వాన నీళ్లు పట్టి పెట్టుకుంటే అన్నిటికన్నా మంచిది. మీకు సాగర్ నీళ్లు దగ్గర కాబట్టి నీకు ఇబ్బంది లేదు. తెల్లవారుజామున, అద్దం చల్లగా ఉన్నప్పుడు మెత్తటి బట్టతో తుడువు. మిట్టమధ్యాహ్నం కాలుతున్న అద్దం మీద చల్లటి నీళ్లు కుమ్మరిస్తే అద్దం పగలొచ్చు.

ఇంటి గురించి ఇంతే. సూర్యఘర్ పోర్టల్‌లో మీ బిల్లు మీది యూఎస్‌సీ నంబరుతో నువ్వే రిజిస్టర్ చేసుకో, వేరేవాళ్ల చేతికి ఓటీపీలు ఇవ్వకు.

ఇక పడవ. నా మనసంతా ఇక్కడే ఉంది, ఎందుకంటే ఇంట్లో తప్పు జరిగితే డబ్బు పోతుంది, పడవలో తప్పు జరిగితే మీ నాయిన పోతాడు.

ఇంటి ప్లేటు ఒకటి పడవకు వాడొచ్చా అన్నావు. వద్దు. ఇప్పుడు ఇళ్లకు వచ్చే 540 వాట్ల ప్లేటు ఏడున్నర అడుగుల పొడవు, మూడు ముప్పావు అడుగుల వెడల్పు, 28 కిలోల దాకా బరువు. మీ పడవ మీద దాన్ని కడితే అది తెరచాప అవుతుంది. సాగర్‌లో కొండల సందుల్లోంచి ఒక్కసారిగా వచ్చే గాలి ఎలా ఉంటుందో నాకన్నా మీ నాయినకు బాగా తెలుసు. రెండోది, కరెంటు లెక్క కూడా కుదరదు. ఆ ప్లేటు 41 వోల్టుల దగ్గర 13 ఆంపియర్లు ఇస్తుంది, అందుకే అది 540 వాట్లు. దుకాణంలో వెయ్యి రూపాయలకు దొరికే పీడబ్ల్యూఎం కంట్రోలర్‌తో (ప్లేటు నుంచి బ్యాటరీకి పోయే చార్జింగ్‌ను అదుపు చేసే పెట్టె) 12 వోల్టుల బ్యాటరీకి కలిపితే, ఆ కంట్రోలర్ ప్లేటును బ్యాటరీ వోల్టేజీకి లాగేస్తుంది. 13 వోల్టులు, 13 ఆంపియర్లు, అంటే 170 వాట్లు. మిగతా 370 వాట్లు గాలికి పోయినట్టే. ఎంపీపీటీ కంట్రోలర్ అయితే ఆ వోల్టేజీని దించి ఆంపియర్లు పెంచుతుంది, నష్టం ఉండదు, కానీ అంత పెద్ద ప్లేటు పడవకు ఎందుకు? పైగా సబ్సిడీకి లెక్క చూపించిన ప్లేటు ఇంటి మీదే ఉండాలి.

పాత ఇన్వర్టర్ ఎక్కించొచ్చా అన్నదానికి నా జవాబు గట్టిగా వద్దు అనే. పడవలో 230 వోల్టులు ఉండకూడదు. సముద్రం మీద పడవల్లో పెడుతున్నారు కదా అంటారు. సముద్రపు నీళ్లు మనిషి ఒంటి కన్నా బాగా కరెంటును మోస్తాయి, అందుకని లీకైన కరెంటు మనిషిని వదిలి నీళ్లలో పరుచుకుంటుంది. సాగర్‌వి మంచినీళ్లు. కరెంటుకు ఆ నీళ్ల కన్నా మనిషి ఒళ్లే సులువైన దారి. అందుకే మంచినీళ్లలో లీకేజీ ఎక్కువ ప్రమాదం. కండరాలు పట్టేసి, ఈత వచ్చినవాడు కూడా మునిగిపోతాడు. ఇక ఆ ట్యూబులర్ బ్యాటరీ 50 కిలోలు దాటుతుంది, పడవ వాలితే యాసిడ్ ఒలుకుతుంది, చార్జింగ్ అయ్యేటప్పుడు దానిలోంచి వచ్చే హైడ్రోజన్ మూసిన పెట్టెలో చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు. పక్కనే పెట్రోల్ డబ్బా ఉంటుంది కదా. ఆలోచించు.

మరి ఏం పెట్టాలి? ముందు మీ నాయినను కూర్చోబెట్టి రాత్రంతా ఏమేం వాడతాడో అడిగి రాసుకో. నేను బిగించిన పడవల లెక్క చెప్తాను. 5 వాట్ల ఎల్‌ఈడీ లైట్లు రెండు, ఆరు గంటలు: 60 వాట్ అవర్లు. చేతి టార్చ్, ఫోకస్ లైటు కలిపి 10. రెండు ఫోన్ల చార్జింగ్ 30. గుడిసెలో 12 వాట్ల డీసీ ఫ్యాను ఆరు గంటలు: 72. ఇంత కలిపినా 175 దాటదు. మన కరెంటు మీటరు భాషలో చెప్తే యూనిట్‌లో ఆరో వంతు కన్నా కొంచెం ఎక్కువ. దీనికి 12.8 వోల్టుల 50 ఏహెచ్ లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీ చాలు. అందులో 640 వాట్ అవర్లు పడతాయి. 80 శాతమే వాడినా రెండు రాత్రులు పోను ఇంకా మిగులుతుంది, మూడో రాత్రి కొంచెం పొదుపుగా వాడుకుంటే అదీ గడుస్తుంది. బరువు ఆరు కిలోల చుట్టూ, చేతిసంచిలో పట్టుకుపోవచ్చు. దాని ప్లేటు 100 వాట్లది, మీటరు పొడవు, ఏడు కిలోలు. పడవ మీద చదునుగా పెట్టినా మంచి ఎండ ఉన్న రోజు 350 నుంచి 400 వాట్ అవర్లు ఇస్తుంది. 20 ఆంపియర్ల ఎంపీపీటీ కంట్రోలర్, వైర్లు, ఫ్యూజులు అన్నీ కలిపి 25 వేలలోపు అయిపోతుంది. కంట్రోలర్‌లో బ్యాటరీ రకం లిథియం అని సెట్ చేయడం మాత్రం మరవకు. ట్యూబులర్ సెట్టింగు మీదే వదిలేస్తే నెలల్లో బ్యాటరీ పాడవుతుంది.

చదునుగా పెడితే నష్టం కాదా అని అడుగుతారు. పడవ గంటకో దిక్కు తిరుగుతుంది, దానికి దక్షిణం ఏది? చదునే మేలు. మీ దగ్గర మే మొదటి వారంలో, మళ్లీ ఆగస్టు మొదటి వారంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, అప్పుడు చదును ప్లేటుకు ఏ నష్టమూ లేదు. డిసెంబరులో మాత్రం దక్షిణానికి వాలతాడు, నడిపొద్దులోనే పావు వంతు దాకా తగ్గుతుంది. మీ లెక్కకు ఆ తగ్గింపు ఇబ్బంది పెట్టదు.

ఇంకో మాట. మీ నాయిన రోజూ తెల్లారేసరికి ఇంటికి వచ్చేస్తే అసలు పడవకు ప్లేటే అక్కర్లేదు. పగలు ఇంటి సోలార్ నడుస్తున్నప్పుడు 14.6 వోల్టుల లిథియం చార్జర్‌తో బ్యాటరీని ఇంట్లోనే నింపి, సాయంత్రం వలతోపాటు పట్టుకుపోవచ్చు. పడవ మీద బిగించినవి ఏమీ లేకపోతే నీడ బాధ, గాలి బాధ, దొంగల బాధ ఏదీ లేదు. ఆయన మూడు నాలుగు రోజులు ఒడ్డున ఉంటాడు కాబట్టి నీకు ప్లేటు కావాలి. అయినా దాన్ని పడవకు బిగించే ముందు గుడిసె దగ్గర పెట్టడం గురించి ఆలోచించు. రెండు ఇనుప యాంగిల్ కాళ్ల మీద దక్షిణానికి వాల్చి నిలబెడితే, అదే ప్లేటు పడవ మీది కన్నా ఎక్కువ ఇస్తుంది, నీడా ఉండదు. నేలలో పాతి కాంక్రీటు చేయొద్దు. సాగర్ నిండితే 590 అడుగులు, కరువు ఏడాది 510 దగ్గరికి దిగుతుంది, నీళ్లు వెనక్కి పోయినకొద్దీ గుడిసె కూడా ముందుకు జరుగుతుంది కదా. వైజాగ్ కాలనీ వైపు చాలామంది ఇలాగే పొద్దున నిలబెట్టి, పొద్దుగూకాక ప్లేటును గుడిసెలో పెట్టేసుకుంటారు. గుడిసె దగ్గర పగలు కనిపెట్టుకునేవాళ్లు ఎవరూ లేకపోతేనే పడవ మీద బిగించు. అలా బిగిస్తే వంగే ప్లేట్లు, అదే స్టిక్కరులా అంటించేవి, కొనకు. ఫైబరుకు అంటించాక కింద గాలి ఆడక మాడిపోతాయి, మన ఎండకు రెండు మూడేళ్లు కూడా ఆగవు.

పుట్టిలో పోయేవాళ్లు ఇవేమీ పెట్టుకోవద్దు. మంచి సోలార్ లాంతరు ఒకటి చాలు.

ఇప్పుడు వైర్ల సంగతి. నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను, నువ్వు చేయకూడదని. ఎనిమిదేళ్ల కింద సోమశిల దగ్గర ఒక పడవకు బిగించాను. ఫ్యూజు పెట్టాను, కానీ ముందు భాగంలో, లైట్ల దగ్గర పెట్టాను. బ్యాటరీ వెనక సీటు కింద ఉంది. మధ్యలో పది అడుగుల వైరు, అది సీటు కింద అల్యూమినియం అంచు మీదుగా పోయింది. ఇంజన్ అదురుకు ఆ అంచు రెండు నెలల్లో వైరు తోలు కోసేసింది. రాత్రి పదకొండు దాటాక నాకు ఫోన్ వచ్చింది. "అన్నా, సీటు కిందికెల్లి పొగ వస్తున్నదే!" ఫ్యూజు పోలేదు, ఎందుకు పోతుంది, షార్టు ఫ్యూజుకు ముందే జరిగింది. ఆయన వల కోసే కత్తితో వైరు తెంపేశాడు కాబట్టి సరిపోయింది. తెల్లారి పోయి చూస్తే ఆ తెగిన చోట రాగి కరిగి మిరియం గింజంత నల్లటి ఉండ అయి ఉంది, దాని కింద ఫైబరు అరచేయి మేర గోధుమరంగుకు మాడింది. ఇంకో రెండు జానల దూరంలో పెట్రోల్ డబ్బా. ఆ ఉండను ఇప్పటికీ నా టూల్ పెట్టెలో ఉంచుకున్నాను.

ఆ రోజు నుంచి బ్యాటరీ ప్లస్ టెర్మినల్‌కు జానెడు లోపల ఫ్యూజు లేకుండా నేను ఏ పడవకూ కరెంటు ఇవ్వలేదు. నువ్వు కూడా 20 ఆంపియర్ల ఫ్యూజు అక్కడ పెట్టు, ప్రతి లైటు వైరుకూ విడిగా 5 ఆంపియర్లది పెట్టు. అంచుల మీదుగా పోయే వైరంతా పైపులో పోవాలి. ఇంటికి వాడే ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే తానే పడిపోయే స్విచ్) ఇక్కడ పనికిరాదు. ఇంటి కరెంటు సెకనుకు వంద సార్లు సున్నాకు వచ్చిపోతుంది కాబట్టి స్విచ్ తెరిచినప్పుడు నిప్పురవ్వ ఆరిపోతుంది. బ్యాటరీ, ప్లేట్ల డీసీ కరెంటు సున్నాకు రాదు, నిప్పు సాగుతూనే ఉంటుంది. డీసీ అని రాసి ఉన్నదే కొను. జాయింట్లు చేత్తో మెలిపెట్టి టేపు చుట్టడం వద్దు, లగ్గులు క్రింప్ చేసి, పైన హీట్‌ష్రింక్ గొట్టం వేసి, టెర్మినళ్లకు కొంచెం వాజలీన్ పూయి. తగరం పూత ఉన్న రాగి వైరు దొరికితే నాలుగు రూపాయలు ఎక్కువైనా అదే తీసుకో, తేమకు పచ్చబారదు. బ్యాటరీని ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి బెల్టుతో సీటుకు కట్టెయ్, దాని మీద నేరుగా ఎండ పడకూడదు.

చివరిది మోటారు. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు. 5 హార్స్‌పవర్ ఇంజన్ చేసే పనిని గంటసేపు కరెంటుతో చేయించాలంటే 3,700 వాట్ అవర్లు దాటుతుంది. నీ 50 ఏహెచ్ బ్యాటరీలు ఆరు కావాలి. వాటిని నింపడానికి 100 వాట్ల ప్లేటుకు పది రోజులు పడుతుంది. సోలార్ పడవలు అసలు నడవవా అంటే, నడుస్తున్నాయి. కేరళలో వైక్కం దగ్గర 2017 జనవరి నుంచి ఆదిత్య అనే 75 సీట్ల ఫెర్రీ ఎక్కువగా సూర్యుడి మీదే నడుస్తోంది. దాని పైకప్పు మీద 20 కిలోవాట్ల ప్లేట్లు పట్టాయి, కింద 50 యూనిట్ల లిథియం బ్యాటరీ ఉంది, పోయేది దగ్గరి దూరం, అదీ పగలు. కప్పు అంత పెద్దదైతేనే ఆ లెక్క కుదురుతుంది. నాగార్జునకొండకు పోయే లాంచీల మీద అలాంటిది చూడాలని నాకు ఎంతో ఆశ. మీ నాయిన పడవకు మాత్రం ఇంజన్ ఉండనీ.

వల తీసేటప్పుడు మెల్లగా జరగడానికి 12 వోల్టుల చిన్న ట్రోలింగ్ మోటారు పెట్టుకోవచ్చు, చప్పుడు ఉండదు, పెట్రోల్ మిగులుతుంది. కానీ అది 30 ఆంపియర్లు లాగుతుంది, 50 ఏహెచ్ బ్యాటరీ గంటన్నరకే ఖాళీ అవుతుంది. అందుకే లైట్ల బ్యాటరీని దానికి వాడొద్దు, మోటారుకు వేరే బ్యాటరీ, వేరే ఫ్యూజు ఉండాలి. వైరు కూడా లావుది కావాలి. బ్యాటరీ నుంచి మోటారుకు ఐదు మీటర్లు అనుకో, రానూ పోనూ పది మీటర్లు. ఇంట్లో వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే 30 ఆంపియర్ల దగ్గర దారిలోనే రెండు వోల్టులకు పైగా పోతాయి. 230లో రెండు వోల్టులు పోతే ఎవరికీ తెలియదు. 12లో రెండు పోతే మోటారు మూలుగుతుంది, వైరు చేయి పెట్టలేనంత వేడెక్కుతుంది. 16 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే అదే నష్టం అర వోల్టులోపు ఉంటుంది.

వీటన్నిటికన్నా ముందు మీ నాయినకు ఒక లైఫ్ జాకెట్ కొని, పడవ మీద చుట్టూ కనపడే తెల్ల లైటు ఒకటి పెట్టు, రాత్రి వేరే పడవలకు ఆయన కనపడాలి. తర్వాత పడవలో బ్యాటరీ పెట్టాలనుకున్న చోటు నుంచి ముందు లైటు దాకా టేపుతో కొలిచి, ఐస్ పెట్టె ఎక్కడ ఉంటుందో, పెట్రోల్ డబ్బా ఎక్కడ పెడతాడో కూడా ఒక కాగితం మీద బొమ్మ గీసి పెట్టు. అది చూసి ఏ వైరు ఎటు నుంచి తీసుకుపోవాలో, ఎంత సైజు కొనాలో రాస్తాను.